ఇద్దరి భుజములమీద ఒక వస్త్రము

ధ్యాన భాగము: ఆదికాండము 9:20–24



నోవహు గుడారములో జరిగిన సంగతిని మనము సాధారణముగా మద్యపానమునకు విరోధముగా ప్రసంగించుటకే తీయుదుము. అది తగినదే. అయితే ఈ మాసము ఆ భాగమును వేరొక కోణమునుండి చదువవలెనని కోరుచున్నాము. ఒక ముసలి తండ్రి తన మానమును తాను కాపాడుకొనలేని స్థితిలో పడియున్నాడు. ఒక కుమారుడు చూచెను. చూచినదానిని బయటికి పోయి చెప్పెను. తక్కిన ఇద్దరును ఒక బట్ట తెచ్చి, చెరియొక భుజమున దాని భారమును మోసికొని, ముఖములు ప్రక్కకు త్రిప్పుకొని, వెనుక అడుగులు వేయుచు వచ్చి తండ్రిపై కప్పిరి. ఆయన ఈ స్థితికి ఎట్లు వచ్చెనో వారు విచారణ చేయలేదు. ముందు కప్పిరి.

నోవహుకు మత్తు దిగెను, మెలకువ వచ్చెను. మన గ్రామములలో తెల్లవారినను ఆ మెలకువ రాని తండ్రులు, తల్లులు ఉన్నారు. వారు త్రాగినవారు కారు. జీవితమంతయు ప్రార్థనలో, కష్టములో గడపినవారే. దింపు తీయించి, కాయలు లెక్కపెట్టి, వేలకొలది కాయల లెక్కను కాగితము లేకుండ నోట చెప్పిన పెద్ద, నేడు అన్నము తిని చేయి కడుగుకొనిన అయిదు నిమిషములకే, నాకు అన్నము పెట్టలేదని వీధిలో అరచుచున్నాడు. స్త్రీల కూడికలో నలుబది ఏండ్లు పాట ఎత్తిన తల్లి, తన కోడలిని చూచి నీవెవరవు, నా యింటిలో నీకేమి పని అని అడుగుచున్నది. ఇరుగుపొరుగువారు దీనిని చాదస్తమందురు. కొందరు గాలి సోకినదందురు. వైద్యులు దీనిని డిమెన్షియా అనుచున్నారు.

ఇది ఒక్క వ్యాధి పేరు కాదు. మెదడులోని కణములు క్రమముగా క్షీణించుటచేత జ్ఞాపకము, వివేచన, మాట, దారి, దినచర్య ఒకదాని వెంట నొకటి చెడిపోవు స్థితికి అది పేరు. అందులో విరివిగా కనబడునది అల్జీమర్స్ వ్యాధి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణమున 51 ఏండ్ల అగస్టె డీటర్ అను స్త్రీని ఆసుపత్రిలో చేర్చగా, ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు ఆమెను పరీక్షించెను. ఆమె 1906లో మరణించిన పిమ్మట ఆమె మెదడును సూక్ష్మదర్శినితో చూచి, ఆ సంవత్సరమే తోటి వైద్యుల సభలో తాను కనుగొనిన మార్పులను వివరించెను. రక్తపోటు, చక్కెర వ్యాధి, పక్షవాతము మూలముగా మెదడుకు రక్తము చాలక వచ్చు రకము మరియొకటి కలదు. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము, మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా దాదాపు 88 లక్షల మంది ఈ స్థితిలో నున్నారు. పురుషులలోకంటె స్త్రీలలోను, పట్టణములలోకంటె పల్లెలలోను ఎక్కువ. ఇది పట్నవాసపు జబ్బని తలంచువారు ఈ సంగతి గమనింతురుగాక.

ఇప్పుడు మన గుడారములోనికి వత్తము. ఇంటిలో ఇట్టివారున్నప్పుడు మనము చేయు మొదటి పని యేమి? దాచుట. పిల్లకు సంబంధము తప్పిపోవునని దాచుదుము. ఊరు నవ్వునని దాచుదుము. చుట్టములు వచ్చిన దినమున ముసలివారిని వెనుక వసారాలో ఉంచి తలుపు వేయుదుము. షేము, యాపెతు చేసినది ఇదే కదా అని ఎవరైన అడుగవచ్చును. కాదు. కప్పుట వేరు, దాచుట వేరు. కప్పినవాడు ఆ మనిషి మానమును కాపాడుచున్నాడు. దాచినవాడు తన పరువును కాపాడుకొనుచున్నాడు. కప్పుటకు దగ్గరకు పోవలెను. దాచుటకు దూరముగా నుంచిన చాలును.

దాచుటకంటె హీనమైనది మరియొకటి యున్నది, దానిని మొగమాటము లేక చెప్పవలసియున్నది. మతి తప్పిన తల్లిని దయ్యము పట్టినదని చెప్పి, రాత్రులందు కూడికలకు ఈడ్చుకొని పోయి, తలమీద చేయి వేసి కేకలు వేయుట, జుట్టు పట్టుట, ఉపవాసము పేర అన్నము మాన్పించుట కొన్ని చోట్ల జరుగుచున్నది. మత్తయి 4:24 తీసి చూడుడి. ప్రభువునొద్దకు తేబడినవారిని పేర్కొనునప్పుడు సువార్తికుడు దయ్యము పట్టినవారిని వేరుగాను, మూర్ఛరోగులను వేరుగాను, పక్షవాతముగలవారిని వేరుగాను చెప్పినాడు. రోగమును రోగమనియే పిలిచినాడు. మంచమునకు కట్టివేయుటయు గొలుసు వేయుటయు కూడ ఇట్టివే. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను నిషేధించినది. ప్రార్థన చేయుడి, తప్పక చేయుడి. అయితే ఆమె చెవిలో మెల్లగా చేయుడి. ఆమెకు భయము కలుగనట్లు చేయుడి.

మొదట వైద్యుని యొద్దకు పోవలసిన కారణము మరియొకటి కలదు. మతిమరుపు అంతయు డిమెన్షియా కాదు. గొంతు గ్రంథియైన థైరాయిడ్ తక్కువగా పనిచేసినను, బీ12 అను విటమిను లోపించినను, జారిపడినప్పుడు తలలో నెత్తురు గడ్డకట్టినను, మనోవ్యాకులత చేతను, తీసికొను మందుల చేతను కూడ ముసలివారి మతి మందగించును. రెండు మూడు దినములలో హఠాత్తుగా మతి తప్పినయెడల, మూత్రములోనో ఊపిరితిత్తులలోనో సోకిన జబ్బు కారణము కావచ్చును. అప్పుడు ఆలస్యము ప్రాణాపాయము. వీటిలో అనేకము చికిత్సకు లొంగును. నయము కాగల తల్లిని నయము కాదని మూలకు నెట్టినయెడల ఆ లెక్క ఎవరు అప్పగింతురు?

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యునితో మొదలుపెట్టవచ్చును. అమలాపురములో కోనసీమ వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు చేరిన ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉన్నది. విశాఖపట్టణములో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఉన్నది. మా అమ్మ బడి ముఖము చూడలేదు, వైద్యుడు అడుగు ప్రశ్నలకు ఏమి చెప్పగలదని సంకోచింపవద్దు. భారత వైద్య పరిశోధనా మండలి పూనికతో ఈ జబ్బును కనిపెట్టు పరీక్షలు తెలుగుతో కూడ ఐదు భాషలలో తయారైనవి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడియు సహచరులును 2013లో ప్రకటించిన వ్యాసములో, రెండు భాషలు మాటలాడువారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చుచున్నదని తేలినది. బడికి పోనివారిలో సైతము అట్లే కనబడినది. వైద్య శాస్త్రము మనవంటివారిని విడిచిపెట్టలేదు.

వైద్యుడు పేరు చెప్పును, కొన్ని మందులు వ్రాయును. అల్జీమర్స్‌ను పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. చీటి పుచ్చుకొని ఇంటికి వచ్చిన తరువాత అసలు దినములు మొదలగును. వస్త్రము ఇద్దరు మోసిరని వాక్యము చెప్పుచున్నది. మన యిండ్లలో దానిని ఒక్కతే మోయుచున్నది. సాధారణముగా ఆమె కోడలు. లేదా పెండ్లి కాని కుమార్తె. లేదా తానే డెబ్బది ఏండ్లు దాటిన భార్య. ఆమె రాత్రి నిద్రపోలేదు. పక్కబట్టలు రెండుసార్లు మార్చినది. తెల్లవారగనే దొంగ అనిపించుకొన్నది. ఒకానొక క్షణమున చేయి ఎత్తినది, లేదా ఎత్తబోయినది. తరువాత వంటయింటిలో కూర్చుండి ఏడ్చినది. ఈయన పోయిన బాగుండునని ఆమె మనసులో ఒకసారి అనుకొన్నది, అది ఎవరికిని చెప్పలేదు. ఆదివారము గుడిలో మనము ఆమెను చూచి, అత్తగారికి ఎట్లున్నది అని అడుగుదుము. నీకెట్లున్నది అని అడిగినవారెవరు?

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే మామయైన యిత్రో వచ్చి, ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు ఒంటరిగా జనులకు తీర్పు తీర్చుచున్న అల్లుని చూచెను. నీవు నలిగిపోవుదువు, ఈ పని నీ ఒక్కని వలన కాదని చెప్పెను. భక్తి చాలదని ఆయన అనలేదు. పనిని పంచుకొనుమనెను, ఎట్లు పంచుకొనవలెనో కూడ చూపెను. దీనినే నేడు కౌన్సెలింగ్ అనుచున్నారు. బాధలోనున్నవాని మాట పూర్తిగా విని, వాని భారము ఎంతటిదో వానికే తెలియజేసి, ముందుకు దారి కనుగొనుటకు తోడుండుట. యెషయా 9:6లో రానున్న కుమారుని బిరుదులలో ఆలోచన చెప్పువాడను బిరుదు కూడ ఉన్నది గనుక, ఆలోచన అడుగుట అవిశ్వాసమని మన సంఘములలో ఎవరును అనకుందురుగాక.

అట్టివారు ఎక్కడ దొరుకుదురని అడుగుదురు. 14416 అను సంఖ్య వ్రాసి పెట్టుకొనుడి. అది టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. రాత్రింబవళ్లు, ఉచితముగా, తెలుగులో మాటలాడవచ్చును. రోగి కొరకే కాదు, చూచుకొని అలసినవారు తమ కొరకు పిలువవచ్చును. రెండవది 14567, వృద్ధుల సహాయవాణి. ఉదయము 8 మొదలు రాత్రి 8 వరకు పలుకును. 1992లో కేరళలో డాక్టర్ జేకబ్ రాయ్ మొదలుపెట్టిన అల్జీమర్స్ సంఘమునకు హైదరాబాదులో శాఖ కలదు. ఇట్టి కుటుంబములను ఒకచోట కూర్చి ఒకరి అనుభవము మరియొకరికి అందించుట వారి పనులలో ఒకటి. ఫోనులో పరాయివారితో ఇంటి గుట్టు చెప్పుటెట్లు అని కొందరు జంకుదురు. ముఖమెరుగనివారికి చెప్పుటయే కొన్నిసార్లు సుళువు.

ఇట్టి ఆలోచనకర్తలు నేర్పు సంగతులలో ఒకటి మా కంటికి మిక్కిలి విలువైనదిగా కనబడినది. రోగి చెప్పునది తప్పని వాదింపక, ఆ మాట వెనుకనున్న భయమునకు జవాబియ్యవలెను. ఒక పెద్ద అర్ధరాత్రి లేచి, గట్టు తెగినది, గేదెలను విప్పుడని కేకలు వేయుచున్నాడు. ఆయనకు ఇది 1986 ఆగస్టు. గోదావరి ఇంకను పొంగుచున్నది. వరద ఎక్కడిది, గేదెలు అమ్మి ఇరువది ఏండ్లయినది, పడుకొనుము అని గద్దించినయెడల, మునిగిపోవు ఊరిలో తన మాట ఎవరును వినుట లేదని ఆయన మరింత కేకలు వేయును. దీపము పట్టుకొని ఆయనతో కూడ పెరటిలోనికి పొండు. చూచినావా నాన్నా, నీరు దిగిపోయినది, అందరము మెరకమీదనే ఉన్నాము అని చెప్పుడి. ఇది అబద్ధమా అని మమ్మును అడిగినవారున్నారు. వరద నిజముగా దిగిపోయినది కదా! 1996 నవంబరు 6 నాటి తుపాను రాత్రి కూడ మన పెద్దల మనసులలో ఇట్లే నిలిచిపోయినది. నిన్నటి సంగతి చెరిగిపోయినను నలుబది ఏండ్లనాటి భయము చెరుగదు. నలుబది ఏండ్లనాటి పాట కూడ తొందరగా చెరుగదు. పేరు మరచిన తల్లి చరణము అందుకొని పాడుట మనము చూచుచున్నాము.

దారి తప్పుట మన ప్రాంతములో మరింత గండము. మెట్టలో దారి తప్పినవాడు నడిచి నడిచి అలసి కూర్చుండును. కోనసీమలో ఇంటి వెనుక బోదె, వీధి చివర కాలువ, మధ్యలో చెరువు. వీధి తలుపునకు పైన ఎత్తుగా గడియ పెట్టించుడి. చొక్కా జేబులో ఫోను సంఖ్యగల చీటి కుట్టుడి. ఆటోలవారికి, టీ కొట్టువారికి, రేవులో పంటు నడుపువారికి ముందుగా చెప్పియుంచుడి. చూడుడి, ఇక్కడ దాచినవాని తండ్రి మునిగిపోవును. నలుగురికి చెప్పినవాని తండ్రిని నలుగురు ఇంటికి చేర్చుదురు. హాము కూడ బయటికి పోయి చెప్పెను గదా అందురేమో. హాము చెప్పినాడే గాని బట్ట అడుగలేదు.

మన బిడ్డలలో అనేకులు కువైట్, దుబాయి మొదలగు దేశములలో ఉన్నారు. అక్కడ ఇతరుల తల్లులకు స్నానము చేయించి అన్నము తినిపించుచు, తన తల్లి కొరకు రూకలు పంపు కుమార్తె హృదయములోని కోత దేవునికే తెలియును. ఆమెను నిందించువారితో మేము ఏకీభవింపము. ఆమెకు ఒక మాట మాత్రము చెప్పగోరుచున్నాము. ఫోనులో తల్లి ముఖము కనబడగనే, నేనెవరినో చెప్పుమని పరీక్ష పెట్టవద్దు. తప్పినదని నీవు ఏడ్తువు, ఎందుకు ఏడ్చుచున్నావో తెలియక ఆమెయు ఏడ్చును. అమ్మా, నేను నీ చిన్నమ్మాయిని, కువైట్ నుండి మాటలాడుచున్నాను అని నీవే మొదట చెప్పుము. దగ్గరనున్న వదినెతో కూడ రెండు నిమిషములు మాటలాడుము. లెక్క అడుగుటకు కాదు.

లెక్క అనగానే ఆస్తి సంగతి వచ్చును. మతి పూర్తిగా తప్పిన తండ్రి బొటనవ్రేలు సిరాలో ముంచి కొబ్బరితోట వ్రాయించుకొనుట నోవహు మీదనున్న బట్టను లాగివేయుటతో సమానము. వ్యాధి తొలిదశలో ఆయనకు అంతయు తెలియును. తనకేమగుచున్నదో కూడ తెలిసి లోలోపల భయపడుచుండును. అప్పుడే ఆయనను కూర్చుండబెట్టి, పిల్లలందరి యెదుట, ఎవరు చూచుకొనవలెను, ఏది ఎవరికి, ఏ ఆసుపత్రి అని ఆయన నోటనే చెప్పించుకొనుట న్యాయము. చూచుకొందుమని దస్తావేజులో షరతు పెట్టి వ్రాయించుకొని పిమ్మట చూడనివారి దస్తావేజు, 2007నాటి వృద్ధుల పోషణ చట్టము క్రింద రద్దు కావచ్చును. మార్కు 7వ అధ్యాయములో దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రులకు ఎగవేసినవారిని ప్రభువు గద్దించెను. మందిరమునకు పేరు చెక్కించి పంఖా ఇచ్చి, ఇంటిలో తల్లికి ఒక ఆయాను పెట్టుటకు డబ్బు లేదనువారు ఆ అధ్యాయమును మరల చదువుకొందురుగాక.

సంఘముగా మనము చేయవలసినది పెద్ద పని కాదు. మా పెద్దల కూటములో మాటలాడుకొని, వారమునకు ఒక పూట ఇద్దరు సహోదరీలు అట్టి యింటికి పోయి రెండు గంటలు కూర్చుండునట్లు ఏర్పాటు చేయగోరుచున్నాము. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక కూర్చుండినంతకాలము వారు చేసినది మేలే. నోరు తెరచిన తరువాతనే చెరిపిరి. కాబట్టి ఈ పాపము చేసితిరి, ఆ మొక్కు తీర్చలేదు అను విచారణ వద్దు. ఆ రెండు గంటలు కోడలు నిద్రపోవచ్చును, అమలాపురము పోయి రావచ్చును, ఊరకనే కాలువ గట్టున కూర్చుండవచ్చును. ఎక్కడికి పోయినావని అడుగవద్దు.

ఇక వైద్యుడు గాని, ఫోనులోని ఆలోచనకర్త గాని చెప్పజాలని ప్రశ్న ఒకటి ఇట్టి కుటుంబములు మమ్మును అడుగుచున్నవి. అయ్యగారూ, మా అమ్మ ప్రభువు పేరే మరచిపోయినది, ఆమె రక్షణ సంగతి యేమి? ఆమెకు ప్రభువు బల్ల ఇయ్యవచ్చునా? ఆయనను జ్ఞాపకము చేసికొనుటకే గదా ఆ బల్ల. జ్ఞాపకము లేనివారు ఎట్లు పాలుపొందుదురు?

సిలువమీద ఆ దొంగ ఏమి వేడెనో చూడుడి. ప్రభువా, నేను నిన్ను జ్ఞాపకముంచుకొందునని వాడు చెప్పలేదు. నీవు నన్ను జ్ఞాపకము చేసికొనుమని వేడెను. పరదైసు వానికి దొరికినది ప్రభువు జ్ఞాపకముమీద గాని వాని జ్ఞాపకముమీద కాదు. యెషయా 49వ అధ్యాయములో తల్లి చంటిబిడ్డను మరచుట జరుగవచ్చునని దేవుడే ఒప్పుకొనుచున్నాడు. ఆ మాట వ్రాయబడిన దినమున ఈ జబ్బు పేరు ఎవరికిని తెలియదు. అట్లు మరచిన తల్లిని కూడ తాను మరువననియు, తన అరచేతులలో చెక్కుకొన్నాననియు చెప్పుచున్నాడు. తన్ను తాను పరీక్షించుకొని తినవలెనని పౌలు వ్రాసినది, పేదలను ఆకలిగా విడిచి తాము ముందుగా తిని త్రాగిన కొరింథు సంఘస్థులకు. వసారాలో కూర్చున్న ఈ తల్లి ఎవరి అన్నము లాగుకొన్నది? ఆ వాక్యమును ఆమెకు అడ్డుగోడగా పెట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము. నలుబది ఏండ్లు ఆ బల్లయొద్దకు నడచి వచ్చినవారికి, ఇప్పుడు బల్లయే నడచి పోవలెను.

కాబట్టి వచ్చు మాసము మొదటి ఆదివారము సాయంకాలము, ఇద్దరు పెద్దలతో కూడ మేమే ఇండ్లకు వచ్చెదము. ఎవరి యింటికి రావలెనో ముందుగా తెలియజేయుడి. వెలుగు ఉండగనే వచ్చెదము. చీకటి పడిన కొలది ఇట్టివారిలో అనేకులకు కలత హెచ్చును. ఎక్కువమంది గుమిగూడవద్దు. ఆమెకు తెలిసిన పాత కీర్తన ఒకటి పాడుదము, తెలియనిది వద్దు. పడుకొనియున్నవారిని లేపి కూర్చుండబెట్టి, మింగుట కష్టమైనవారికి రొట్టెను మిక్కిలి చిన్న ముక్కగా చేసి రసములో నానబెట్టి ఇచ్చి, మింగినారో లేదో చూచి తరువాత లేచెదము. ఆమెను చూచుకొనుచున్న కోడలు వంటయింటిలో నిలువక ఆమె ప్రక్కనే కూర్చుండవలెను. ఆమె గుడికి వచ్చి ఎన్ని మాసములైనదో మాకు తెలియును. రొట్టె మొదట ఆమెకిచ్చి, ఆమె చేతనే అత్తగారికి ఇప్పించెదము.